ట్రక్కు పక్కన కుర్చీ

పక్కింటి తాతగారు పోయారని నాకు మాటకంటే ముందు ఫ్లాస్కు చెప్పింది. ఆ రోజు పొద్దున్నే ఆయన భార్య, మామ్మగారు, మా వంటింటి తలుపు తట్టారు. చేతిలో మా ఫ్లాస్కు ఉంది. శుభ్రంగా కడిగి, తుడిచి, మూత విడిగా పట్టుకుని తెచ్చారు. ఆ ఫ్లాస్కు ఏళ్ళ తరబడి రోజూ సాయంత్రం మా ఇంటి నుంచి వెళ్ళేది, మర్నాడు అడుగున కాస్త టీ మడ్డితో వెనక్కి వచ్చేది. కడిగి ఇవ్వడం ఎప్పుడూ లేదు. ఆవిడ దాన్ని పొయ్యి పక్కన పెట్టి, "ఇక ఆయనకి దీనితో పని లేదు, హనీ," అన్నారు. ఆస్పత్రిలో తెల్లవారుతుండగా గుండె ఆగిపోయిందట.

అలాంటప్పుడు ఏమనాలో నాకు తెలుగులోనే రాదు, ఇంక ఇంగ్లీషులో ఎలా వస్తుంది? టీ పెట్టాను. ఇద్దరం నిలబడే తాగాం.

తాతగారంటే మా సొంత తాతగారు కాదు. పెన్సిల్వేనియాలో మేముంటున్న చిన్న ఊళ్ళో మా పక్కింటి ఆయన, ఈ దేశం మనిషి. ఊరి ఫైర్ స్టేషన్‌కి చాలాకాలం చీఫ్‌గా ఉన్నారు. ఈ పత్రిక చదివేవాళ్ళు ఎక్కువమంది పెద్ద ఊళ్ళలో ఉంటారు కనుక ఒక సంగతి చెప్పాలి. ఇక్కడి చిన్న ఊళ్ళలో మంటలార్పేవాళ్ళకు జీతాలుండవు. అందరూ వాలంటీర్లే. ఒకాయన ప్లంబరు, ఒకాయన మంగలి, కొందరు పాడి ఉన్న రైతులు. స్టేషన్ కప్పు మీద సైరన్ మోగితే ఎక్కడి పని అక్కడ వదిలేసి పరిగెత్తుకొస్తారు. మా ఊళ్ళో ఆ స్టేషన్‌కి ఆనుకుని ఒక హాలుంది. హాల్లో బీరు అమ్మే బారుంది. ఆ బారు మీద వచ్చిన డబ్బుతోనే ట్రక్కు కొన్నారు, గొట్టాలు కొన్నారు. ఇటు బారు, అటు ట్రక్కు, మధ్య ఒక తలుపు. మూడూ కలిపి ఫైర్ హాలు అంటారు.

డెబ్భైల చివర, పెళ్ళయిన కొత్తలో వచ్చాను నేను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. మావారు సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే. ఎవరైనా తలుపు తడితే పడకగదిలోకి పోయి, వాళ్ళు వెళ్ళిపోయేదాకా మంచం మీద కూర్చునేదాన్ని. పక్కింటివాళ్ళు పలకరిస్తే తల ఊపి లోపలికి వచ్చేసేదాన్ని. వాళ్ళు నన్ను మూగదాన్ని అనుకున్నారని తరువాత మామ్మగారే చెప్పారు.

ఆ బెరుకు ఒకరోజు గారెలు వేస్తుండగా పోయింది. ఇక్కడి కరెంటు పొయ్యి మన కిరసనాయిలు స్టవ్వులాంటిది కాదు. కట్టేసినా చాలాసేపు ఎర్రగా కాలుతూనే ఉంటుంది. నాకు ఇంకా అది అలవాటు కాలేదు. బాండీలో నూనె అంటుకుంది. మంట పైనున్న చెక్క అలమర దాకా లేచింది. నేను సింకు దగ్గరికి పరిగెత్తి చెంబు నింపుకుని వెనక్కి తిరిగేసరికి వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. పొగ చూసి తాతగారు లోపలికి వచ్చి, చెంబు నా చేతిలోంచి లాగి సింకులో పడేశారు. ఇడ్లీ గిన్నె మూత తీసి బాండీ మీద బోర్లించారు. అంతే, మంట పోయింది. అలమర అడుగు నల్లబడింది కాని ఇల్లు మిగిలింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, పళ్ళెంలో అప్పటికే వేసిన గారెల్లో ఒకటి తీసుకుని తిన్నారు. ఇంకొకటి తిన్నారు.

"ఇంత బాగుంటే ఇల్లు కాల్చుకోవడంలో తప్పేమీ లేదు," అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటు ఏడుపూ వచ్చింది. ఆయన ఫోను దగ్గరికి తీసుకెళ్ళి, మంట వస్తే ఏ నంబరు తిప్పాలో చూపించారు. "అవతల మనిషి పలగ్గానే ఏం చెప్తావు?" అని అడిగారు. నేను "ఫైర్" అన్నాను. "ఎక్కడ? ఈ జిల్లాలో ఎన్ని ఇళ్ళున్నాయో తెలుసా?" అన్నారు. అప్పుడు చెప్పారు, తరువాత నేను ఎన్నోసార్లు విన్న మాట: "ముందు అడ్రసు చెప్పు. ఆ తరువాత ఏడువు."

అప్పటినుంచి కంచె దగ్గర కనిపిస్తే చాలు, గుడ్‌మార్నింగ్ బదులు "అడ్రస్?" అనేవారు. నేను ఇంటి నంబరు, వీధి పేరు, ఊరు గడగడా అప్పజెప్పాలి. ఇంగ్లీషులో నేను తడబడకుండా పలికిన మొదటి వాక్యం మా ఇంటి అడ్రసే. పెద్దాయన్ని పేరు పెట్టి పిలవలేక "తాతగారూ" అన్నాను. అంటే ఏమిటని అడిగితే, గ్రాండ్‌ఫాదర్ అని చెప్పాను. వాళ్ళకు పిల్లలు లేరు. ఆయన ఇంట్లోకి వెళ్ళి మామ్మగారితో చెప్పారు. మర్నాడు నేను ఫోను చేస్తే "టాటాగారు స్పీకింగ్" అన్నారు.

మొదటి చలికాలంలో మావారిని హాలుకు తీసుకెళ్ళింది కూడా తాతగారే. అక్కడ మంటలార్పని వాళ్ళు కూడా సభ్యులుగా చేరవచ్చు, బీరు తాగవచ్చు, పేకాడవచ్చు. మావారికి ఆ హాలు ప్రాణమైపోయింది. ఫ్యాక్టరీలో ఆయన పేరు ఎవరూ సరిగ్గా పలికేవారు కాదు. హాల్లో మాత్రం భుజం మీద చెయ్యి వేసి "రా డాక్, కూర్చో," అనేవారు. "నేను డాక్టర్ని కాదు" అని ఈయన ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకు డాక్కే. ఆ రోజుల్లో తాతగారు కూడా అందరితోపాటు తాగేవారు. అందరికంటే గట్టిగా నవ్వేవారు. ఆ నవ్వు మా వంటింట్లోకి వినిపించేది.

అక్కడ ఒక పద్ధతి ఉంది. సైరన్ మోగాక ట్రక్కు దగ్గరికి ఎవరు ముందు వస్తే వాళ్ళే నడపాలి. రెండోవాడు పక్కన కూర్చోవాలి. మిగతావాళ్ళు ట్రక్కు వెనక మెట్టు మీద కమ్మీ పట్టుకుని నిలబడాలి. ఎవరికోసమూ ఆగకూడదు. ఆలస్యమైతే ఇల్లు పోతుంది కనుక మంచి పద్ధతి అనే అందరూ అనుకునేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆకులు రాలే కాలం. సన్నటి జల్లు పడుతోంది. హాల్లో టీవీలో ఏదో బంతాట చూస్తూ అందరూ ఉన్నారు. సైరన్ మోగింది. నేను పెరట్లో తడుస్తున్న బట్టలు తీస్తున్నాను. ట్రక్కు మా వీధిలోంచే వెళ్ళింది. నడుపుతున్నది తాతగారు. వెనక మెట్టు మీద మామ్మగారి తమ్ముడు నిలబడి ఉన్నాడు. అదే వీధి చివర ఉండేవాడు, మా ఇంటికి చెక్క మెట్లు కట్టి ఇచ్చినవాడు. నన్ను చూసి ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చెయ్యి ఊపాడు. నేను తడిబట్టలు చేతిలో ఉన్నాయని తల మాత్రం ఊపాను.

వాగు మలుపు దగ్గర ట్రక్కు పల్టీ కొట్టింది. అతను దానికింద పడి చనిపోయాడు. తాతగారికి చెయ్యి విరిగింది, అంతే. ఆ రోజు కాలుతున్నది ఎవరో పెరట్లో పోగేసి అంటించిన ఎండుటాకులు. మనవాళ్ళు చేరకముందే వానకు ఆరిపోయాయట.

ఊరంతా వానను తప్పు పట్టింది. రోడ్డు మీద తడి ఆకులు, మలుపు, చీకటి మబ్బు. పోలీసులూ అదే రాసుకున్నారు. ఒక్కొక్కరే వచ్చి, కూరలు, కేకులు తెచ్చిపెట్టి, తాతగారి భుజం తట్టి, "వాన, చీఫ్. వాన," అని వెళ్ళేవారు. మామ్మగారు వాళ్ళందరికీ కాఫీ ఇచ్చేవారు. తాతగారితో మాత్రం మాట్లాడేవారు కాదు. పళ్ళెం ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయేవారు. ఆ చలికాలమంతా తాతగారు కంచె దగ్గర కనిపించినా నన్ను అడ్రసు అడగలేదు.

ఏటా వసంతంలో ఫైర్ హాల్లో మీటింగ్ ఉంటుంది. ముందు భోజనాలు, తరువాత లెక్కలు, ఓట్లు. ఆడవాళ్ళకు ఓటు లేదు. వంట వాళ్ళది. మామ్మగారు సాయానికి నన్నూ తీసుకెళ్ళారు. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో పళ్ళాలు అందించే కిటికీ ఉంది. నేను అక్కడ నిలబడి ప్లేట్లు అందుకుంటుంటే తాతగారు లేచారు. ఫైర్ స్టేషన్‌లో బీరు ఉండకూడదని, దానిమీద ఓటు పెట్టమని అడిగారు.

ప్లంబరు లేచాడు. బారు చూసుకునేది అతనే. మంచివాడే. మా పైపులు పగిలితే అర్ధరాత్రయినా వచ్చి బాగుచేసి, ఇచ్చింది పుచ్చుకుని వెళ్ళేవాడు.

"కూర్చో చీఫ్. నీ బాధ మాకు తెలుసు. ఆ రోజు వాన పడింది. అంతే."

"వాన కాదు," అన్నారు తాతగారు. "నేను తాగి ఉన్నాను."

వెనకనుంచి ఎవరో, "రెండు బీర్లకే? మా అమ్మ తాగుతుంది అంత, చర్చికి వెళ్ళేముందు!" అన్నాడు. కొంతమంది నవ్వారు. నవ్వడానికి ఏదో ఒకటి దొరికింది కదా అన్నట్టు నవ్వారు.

తాతగారు నవ్వలేదు. "ఒకటి తాగినవాడికి తాగానని తెలుస్తుంది. రెండోది తాగినవాడు ఇంకా తెలుస్తోందనే అనుకుంటాడు. నేను అలాగే అనుకున్నాను."

"సరే, బారు తీసేద్దాం," అన్నాడు ప్లంబరు. "రేపు గొట్టాలు ఎవరు కొంటారు? నీ పింఛనులోంచా? మనకి ఎవడైనా జీతమిస్తున్నాడా? కుర్రాళ్ళు సాయంత్రాలు ఇక్కడెందుకు కూర్చుంటున్నారు? బీరుంది కనక. ఇక్కడ కూర్చున్నారు కనకే సైరన్ ఆగేలోగా బండి బయటపడుతోంది. పక్క ఊరి స్టేషన్లో బీరు లేదుగా? వాళ్ళ బండి ఎప్పుడైనా మనకంటే ముందొచ్చిందా, చెప్పు!"

"లేదు. మనమే వేగం," అన్నారు తాతగారు. "వాగులోకి కూడా వేగంగానే వెళ్ళాం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన గొంతు పెంచలేదు. విరిగి అతికిన చేతిని రెండో చేత్తో పట్టుకుని చెప్పారు. "ముందొచ్చినవాడు నడపాలని పద్ధతి పెట్టుకున్నాం. ఇంట్లో భోంచేస్తున్నవాడు లేచి, బూట్లు తొడుక్కుని వచ్చేసరికి, గోడకి ఇవతల తాగుతున్నవాడు స్టీరింగ్ ముందుంటాడు. ప్రతిసారీ అంతే. ఆ రోజు మా బావమరిది భోజనం దగ్గర్నుంచి లేచి వచ్చాడు. తాగలేదు. ఆలస్యంగా వచ్చాడు కనక వాడు వెనక ఎక్కాడు. నేను ముందు ఎక్కాను."

ఓటుకు చేతులెత్తమన్నారు. బీరు వద్దన్న చేతులు ఎక్కడెక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. అదే మీటింగులో చీఫ్ పదవి ప్లంబరుకు ఇచ్చారు. నా పక్కన మామ్మగారు కాఫీ కప్పు ఒకటి తుడుస్తున్నారు. అది ఎప్పుడో ఆరిపోయింది. అయినా తుడుస్తూనే ఉన్నారు.

ఇంటికి నడిచి వస్తుంటే ఆవిడ నాతో అన్నారు: "తమ్ముడు పోయాడని నాకు చెప్పడానికి వచ్చినప్పుడే ఆయన నోటి దగ్గర వాసన వచ్చింది. అప్పట్నుంచీ చూస్తున్నాను, ఎప్పుడు నోరు విప్పుతాడా అని. ఇవాళ విప్పకపోతే వేసవికి మా అక్క దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని." ఆవిడ ఆ రాత్రి ఆయనతో మాట్లాడారో లేదో నాకు తెలియదు. ఆ ఇల్లు మాత్రం వదల్లేదు.

మర్నాడు సాయంత్రం తాతగారు గరాజ్‌లోంచి మడత కుర్చీ ఒకటి తీసి చంకలో పెట్టుకుని బయలుదేరారు. "ఎక్కడికి తాతగారూ?" అన్నాను. "డ్యూటీకి," అన్నారు.

ఆ రాత్రి అన్నం దగ్గర మావారు చెప్పారు.

"మీ తాతగారికి మతిపోయింది. ట్రక్కు డ్రైవర్ డోర్‌కి ఆనించి కుర్చీ వేసుకుని కూర్చున్నాడాయన. పలకడు, కదలడు. ఎవరైనా ట్రక్కెక్కాలంటే ఆయన్ని లేపాలి."

"తాళంచెవి దాచేస్తే పోయేదిగా?"

"ఫైర్ ట్రక్కుకి తాళం ఉండదే. బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది. ప్లంబర్ కూడా అదే జోక్ చేశాడు, కీస్ పారేసుకున్నావా చీఫ్ అని. 'తాళం లేదు కనక నేనే తాళం' అన్నాడు ఈయన." మావారు అన్నం కలపడం ఆపారు. "తను మానేస్తే మానెయ్యాలి. అందర్నీ ఎందుకు సాధించడం?"

"మీరు నడుపుతారా ఆ బండి?"

"నేనెందుకు నడుపుతాను?"

"మరి మీకేం కోపం?"

"కోపం కాదు. ఈ ఊళ్ళో మనల్ని పిలిచి కూర్చోబెట్టేది అదొక్క చోటే. అదీ మూయించేస్తే ఫ్రైడే వస్తే ఎవరితో కూర్చోమంటావు? నీతో టీవీ చూస్తూనా?"

"నేను అంత అన్యాయంగా ఉంటానా?" అన్నాను. ఆయన నవ్వేశారు. నేను మాత్రం ఆ చలిలో రేకు కుర్చీ గురించే ఆలోచించాను.

మర్నాడు అల్లం దంచి టీ పెట్టి, ఫ్లాస్కులో పోసి కంచె మీదుగా అందించాను. ఆయన తీసుకుని వెళ్ళారు. ఆ మర్నాడు ఫ్లాస్కు తెచ్చి, "ఏం వేశావు దీంట్లో? నోరు మండిపోయింది," అన్నారు. నేను భయపడ్డాను. ఆయన ఫ్లాస్కు నా చేతికిచ్చి, "ఇవాళ కూడా అలాగే మండాలి," అన్నారు. అలా మొదలైంది.

బారు సాయంత్రాలూ, సెలవు రోజుల్లోనూ మాత్రమే తెరిచేవారు. అది తెరిచినంతసేపూ ఆయన ట్రక్కు పక్కనే ఉండేవారు. కొన్నాళ్ళకు సైరన్ మోగింది. హాల్లోంచి తలుపు తోసుకుని ప్లంబరు ముందు పరిగెత్తుకొచ్చాడట. అప్పటికే తాతగారు లేచి కుర్చీ మడిచి గోడకు ఆనించారు.

"తప్పుకో చీఫ్."

"ముందెవరొచ్చారు?" అని అడిగారు తాతగారు.

ప్లంబరు "నువ్వే," అన్నాడట.

"అయితే నేనే నడపాలి." ఆ మాట ఆయన గెలిచినట్టు అనలేదని, ఎక్కేముందు డోర్ పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారని మావారు చెప్పారు. ఓటులో ఓడిపోయిన మనిషి వాళ్ళ పద్ధతిని మార్చలేదు. దానికి అందరికంటే గట్టిగా కట్టుబడ్డారు. వెనక మెట్టు మీద మాత్రం ఎవర్నీ నిలబడనివ్వలేదు. పట్టినంతమంది లోపల, మిగతావాళ్ళు తమ కార్లలో రావాలి.

ఊరు ఆయన్ని క్షమించలేదు. తాగి నడిపినందుకు కాదు, ఆ సంగతి పైకి చెప్పినందుకు. వాన అయితే ఎవరి తప్పూ కాదు. ఆయన తాగి ఉన్నారంటే, పక్కన కూర్చుని పోసినవాళ్ళందరికీ అందులో వాటా ఉన్నట్టే కదా. తాతగారి వరండా కమ్మీ మీద పొద్దున్నే ఖాళీ బీరు డబ్బాలు పెట్టి ఉండేవి. మామ్మగారు వాటిని చెత్తబుట్టలో వేసి పూలకు నీళ్ళు పోసేవారు. ఒకసారి ఎవరో ఆయన కుర్చీలో పసిపిల్లల పాలసీసా పెట్టారు. ఆయన దాన్ని కోటు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చారు. మరుసటేడు మా అమ్మాయి పుడితే, ఆ సీసాను వేడినీళ్ళలో మరిగించి తెచ్చి ఇచ్చారు. "కొత్తదే. ఒక్కసారీ వాడలేదు," అన్నారు. మా అమ్మాయి ఆ సీసాతోనే పాలు తాగింది.

మా అమ్మాయికి మాటలు వచ్చాకే ఆయన మళ్ళీ "అడ్రస్?" అనడం మొదలుపెట్టారు. అది కంచె పట్టుకుని, ఇక్కడి పిల్లల యాసలో, "టాటాగారూ, నేను చెప్తా, నేను చెప్తా!" అని ఎగిరేది. చెప్పాక, "ఇప్పుడు ఏడవచ్చా?" అని అడిగేది. ఆయన ముఖంలో నవ్వులాంటిది ఏదో వచ్చేది. మునుపటి నవ్వు, మా వంటింట్లోకి వినిపించేది, నేను మళ్ళీ వినలేదు.

ఏటా ఆకులు రాలే రోజుల్లో ఆయన చీపురు పట్టుకుని వాగు మలుపు దాకా నడిచి వెళ్ళి రోడ్డు మీద ఆకులు ఊడ్చేవారు. కార్లవాళ్ళు పక్కకి తప్పుకుని వెళ్ళేవారు. నేను ఒకసారి మా అమ్మాయిని బండిలో తోసుకుంటూ అటు వెళ్ళి, ధైర్యం చేసి అడిగాను: "ఆకుల వల్ల కాదని మీరే చెప్పారు కదా?"

"ఆకుల వల్ల కాదు," అన్నారు. ఊడుస్తూనే ఉన్నారు.

పోయిన చలికాలం ఆయనకు ఆయాసం మొదలైంది. మా ఇంటి నుంచి వాళ్ళ ఇంటికి వెళ్ళడానికే ఒకసారి ఆగేవారు. మామ్మగారు నా ముందే అన్నారు: "చాలు. నీ శిక్ష అయిపోయింది. ఇక ఇంట్లో కూర్చో."

"శిక్షేం కాదు. నా తరవాత అక్కడ ఎవరు కూర్చుంటారో చెప్పు, ఇవాళే మానేస్తాను," అన్నారు.

చెప్పడానికి పేరేదీ లేదు. ఆ వారమే ఆయన మావారిని అడిగారు. మావారు కారు మీద మంచు గీకుతున్నారు. "నువ్వు కూర్చుంటావా, డాక్?"

"నాకు ట్రక్ డ్రైవింగ్ రాదు కదా, చీఫ్," అని మావారు నవ్వారు.

"కూర్చోడానికి నడపడం రానక్కర్లేదు."

మావారు మళ్ళీ నవ్వి, ఆఫీస్‌కి టైమైందన్నారు. తాతగారు కారు అద్దం మీద మిగిలిన మంచును తన చేతి తొడుగుతో తుడిచి, దారి ఇచ్చారు. దాని గురించి మేమిద్దరం ఆ తరువాత మాట్లాడుకోలేదు.

ఆయన పోయాక ఊరు చెయ్యాల్సినదంతా చేసింది. శవపేటికను ఆ ట్రక్కు మీదనే శ్మశానానికి తీసుకెళ్ళారు. ప్లంబరు యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, పొద్దున కాఫీ తప్ప ఏమీ ముట్టుకోకుండా తనే నడిపాడు. వాగు మలుపు దగ్గర మనిషి నడిచేంత నెమ్మదిగా పోనిచ్చాడు. బావమరిది పక్కనే ఆయన్నీ పాతిపెట్టారు. వెనక్కి వచ్చాక, ఇక్కడి ఆనవాయితీ ప్రకారం, హాల్లో భోజనాలు. ట్రక్కును మళ్ళీ దాని చోట నిలిపారు. ఎవరికి తోచిందో, ఆ మడత కుర్చీని కూడా దాని చోటనే, డ్రైవర్ డోర్‌కి ఆనించి వేశారు. దానిమీద ఆయన టోపీ పెట్టారు.

మామ్మగారి కోసం ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళాను. ఆవిడ దాన్ని అందుకుని, మధ్య తలుపు దాటి వెళ్ళి, కుర్చీలో టోపీ పక్కన పెట్టి వచ్చారు.

భోజనాలయ్యాక ప్లంబరు గ్లాసు పట్టుకుని లేచాడు. "మొండివాడు," అన్నాడు. "మనకున్న వాళ్ళలో మంచి డ్రైవర్." తరువాత ఇంకేమీ తోచక, "చీఫ్‌కి," అన్నాడు. అందరూ గ్లాసులెత్తారు. మావారూ ఎత్తారు. తాగారు. మళ్ళీ పోసుకున్నారు. ఒకరి తరువాత ఒకరు ఆయన గురించి చెప్పుకున్నారు. పాలసీసా సంగతి కూడా చెప్పుకుని, అది పెట్టినవాడే కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు సైరన్ మోగింది.

హాలంతా ఒక్కసారిగా కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు. వాళ్ళది ఏళ్ళనాటి అలవాటు. ప్లంబరు ముందు, మిగతావాళ్ళు అతని వెనక, మధ్య తలుపు తోసుకుని ట్రక్కు దగ్గరికి పరిగెత్తారు. ఎవరో పెద్ద తలుపు పైకెత్తారు. నేను మామ్మగారి చెయ్యి పట్టుకుని వాళ్ళ వెనకే వెళ్ళాను. కొండకు అవతల నల్లటి పొగ లేస్తోంది.

ప్లంబరు కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. తేలికపాటి రేకు కుర్చీ. తీసి పక్కన పెట్టడానికి ఎంతసేపు? అతను పెట్టలేదు. అలాగే నిలబడిపోయాడు.

"తాగనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు, వెనక్కి తిరక్కుండా.

కొందరి చేతుల్లో గ్లాసులు ఇంకా ఉన్నాయి. మావారి చేతిలో కూడా ఉంది. ఆయన దానివైపు చూసుకుని, కింద పెట్టడానికి చోటు దొరకనట్టు అటూ ఇటూ చూశారు.

"ఒక్కడైనా?" అన్నాడు ప్లంబరు.

మామ్మగారు నా చెయ్యి వదిలేశారు.

"పక్క ఊరికి ఫోన్ చెయ్యండి," అన్నాడు.

కాలుతున్నది ఒక పాడి రైతు గడ్డి కొట్టం అని తరువాత తెలిసింది. మనుషులకేమీ కాలేదు. లోపల కట్టేసిన దూడలు దక్కలేదు. ఆ రైతు కూడా ఆ హాల్లోనే, నల్ల కోటు వేసుకుని, గ్లాసుతో నిలబడి ఉన్నాడు. స్టేషన్ రేడియోలో అడ్రసు వినగానే ఎవరికీ చెప్పకుండా తన కారు దగ్గరికి పరిగెత్తాడు. వచ్చే వసంతం మీటింగులో వీళ్ళు ఏమంటారో నాకు తెలియదు. అన్నా, అనకపోయినా తాతగారు వినరు.

ఆ రోజు మేమంతా అలాగే నిలబడి ఉన్నాం. పొగ లావవుతూ మబ్బులో కలిసిపోతోంది. చాలాసేపటికి పక్క ఊరి ట్రక్కు కూత దూరంగా వినిపించింది. దగ్గరయింది. మా స్టేషన్ ముందునుంచే, ఆగకుండా వెళ్ళిపోయింది. దాని ఎర్రదీపం వెలుగు తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి వచ్చి, వరసగా వాళ్ళ ముఖాల మీద, గ్లాసుల మీద, కదలని ట్రక్కు మీద, టోపీ మీద, నా ఫ్లాస్కు మీద తిరిగి వెళ్ళింది. ప్లంబరు చెయ్యి ఇంకా కుర్చీ వీపు మీదనే ఉంది, అందులో కూర్చున్న మనిషిని లేవమని అడగలేక నిలబడ్డట్టు.